పాత తెలుగు వాక్యాన్ని విప్పి అర్థం చేసుకొనే పద్ధతి

“ఏటికి ఎదురీదడం కష్టం”, “ఆ పొలంలో ఏటికి రెండు పంటలు పండుతాయి”, “ఇప్పుడీ మాటలేటికి?” అన్న మూడు వాక్యాలలోనూ ‘ఏటికి’ అన్న రూపం ఒక్కటే. మొదటి వాక్యంలో అది ‘ఏరు’ అన్న మాటకు ‘కి’ చేరగా ఏర్పడింది. రెండవ వాక్యంలో సంవత్సరమని అర్థమిచ్చే ‘ఏడు’ నుంచి వచ్చింది. మూడవదానిలో దానికి ‘ఎందుకు’ అని అర్థం. ఉత్తరాంధ్రలో ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని కూడా గుర్తుంచుకుంటే చిక్కు మరికొంత పెరుగుతుంది. అయినా తెలుగు మాట్లాడేవారెవరూ ఈ వాక్యాలు విని తడబడరు. ఎదురీదడం అన్న క్రియ నీటిని కోరుతుంది, పంటల లెక్క కాలాన్ని కోరుతుంది అన్న సంగతి వారికి ఆలోచించకుండానే తెలుసు.

వాడుక భాషలో అప్రయత్నంగా జరిగే ఈ పని, వంద నూటయాభై ఏళ్ళ కిందటి వచనాన్నో ఒక పద్యాన్నో చదవబోయినప్పుడు ఆగిపోతుంది. అప్పుడు చాలామంది వెంటనే నిఘంటువు తెరిచి, తెలియని మాటలన్నిటికీ అర్థాలు రాసుకొని, వాటిని వరుసగా పేర్చి చూసి, ఏమీ తేలక పుస్తకం మూసేస్తారు. ఆ వైఫల్యానికి కారణం పదసంపద తక్కువ కావడం కాదని నా దృఢమైన అభిప్రాయం. నిఘంటువు దగ్గరకు వెళ్ళవలసిన సమయానికి ముందే వెళ్ళడం వల్ల అలా జరుగుతుంది. వాక్యంలో ఒక మాట ఏ పని చేస్తున్నదో వ్యాకరణం చెప్పిన తరువాతే, ఆ మాటకున్న అర్థాలలో ఏది పనికి వస్తుందో నిఘంటువు చెప్పగలదు. ఈ వ్యాసం ఆ క్రమాన్ని ఒక వాక్యం సాయంతో చూపుతుంది. పత్రిక చదవగలిగే తెలుగు, బడిలో నేర్చిన సంధుల జ్ఞాపకం ఉంటే చాలు.

అభ్యాసం కోసం పాత వచనం తీరులో కూర్చిన వాక్యం ఇది:

“ఏటికడ్డముగాఁ గట్టిన కట్ట దెగుటంజేసి యూరివారందఱు మిట్టకుం బోయిరి.”

క్రియ నుంచి మొదలుపెట్టడం

తెలుగు వాక్యంలో ప్రధాన క్రియ సాధారణంగా చివర ఉంటుంది కనుక కన్ను ముందు అక్కడికి వెళ్ళాలి. ఇక్కడ ‘బోయిరి’ అని కనబడుతున్నది. ‘-ఇరి’ అన్న ముగింపు భూతకాలాన్ని, బహువచనాన్ని, కర్త మనుషులన్న సంగతిని ఒక్కసారే తెలుపుతుంది. అంటే కర్త ఏటి నీరో కట్టో కాదని మాటల అర్థాలు చూడకముందే తేలిపోయింది. ఇప్పుడు ఆ క్రియనే ప్రశ్నించాలి. ఎవరు పోయిరి? ఊరివారందరు. ఎక్కడికి పోయిరి? మిట్టకు. ఎందుకు పోయిరి? దానికి జవాబు వాక్యం మొదటి సగంలో ఉండి ఉండాలి. ఇంతవరకు వస్తే వాక్యం ఎముకల గూడు చేతికి దొరికినట్టే.

పద్యంలో ఈ క్రియ చివరనే ఉండాలన్న నియమం లేదు. ఛందస్సు కోసం మొదటి పాదంలోకి రావచ్చు, మధ్యలో ఉండవచ్చు. అక్కడ పద్యం మొత్తంలో వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఎక్కడుందో ముందుగా గీత గీసి పెట్టుకోవడం మంచిది. ‘చేసి’, ‘చేయుచు’, ‘చేసిన’ వంటి అసమాపక రూపాలు ఎన్ని ఉన్నా అవి వాక్యాన్ని ముగించలేవు కనుక వాటిని ప్రధాన క్రియగా పొరబడకూడదు.

సంధులు విడదీయడం

బడిలో సంధి అంటే రెండు మాటలు ఇస్తే కలపడం. చదువరికి కావలసింది దానికి తలకిందులైన విద్య. కలిసి ఉన్నదానిని చూసి విడివిడి మాటలను ఊహించాలి, ఊహలు రెండు మూడు ఉంటే సరైనదానిని ఎంచుకోవాలి. ఈ అలవాటును పాఠ్యపుస్తకాలు తగినంతగా ఇవ్వడం లేదు కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగవలసి ఉంది.

‘ఏటికడ్డముగా’ అన్నది ‘ఏటికి’, ‘అడ్డముగా’ అని సులువుగానే విడిపోతుంది. ‘ఊరివారందఱు’లో ‘వారు’ చివరి ఉకారం ‘అందఱు’ ముందు లోపించింది. “ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు” అన్న సూత్రం పని ఇదే. ‘యూరి’లోని యకారాన్ని చూసి ‘యూరి’ అన్న మాట కోసం వెతకనవసరం లేదు. ‘చేసి’ అన్న రూపం చివరి ఇకారానికి సంధి జరగదు కనుక రెండు అచ్చుల మధ్య యకారం వచ్చి చేరింది. పాత వాక్యాలలో మాట మొదట యకారం కనబడితే దానిని తీసివేసి చూడడం మొదటి పరీక్షగా పెట్టుకోవచ్చు. అయితే విరుపు ఎప్పుడూ ఒకే విధంగా ఉంటుందని అనుకోకూడదు. ‘మాయమ్మ’ అన్న రూపాన్ని ‘మా అమ్మ’ అనీ విడదీయవచ్చు, ‘మాయ అమ్మ’ అనీ విడదీయవచ్చు. రెండూ వ్యాకరణానికి సమ్మతమే. పక్కన ఉన్న వాక్యమే తీర్పు చెప్పాలి.

అసలు ఇబ్బంది హల్లులు మారినచోట వస్తుంది. ‘గట్టిన’, ‘దెగుట’, ‘జేసి’, ‘బోయిరి’ అన్న నాలుగు రూపాలను ఉన్నవున్నట్టుగా నిఘంటువులో వెతికితే ఏవీ దొరకవు, లేదా ‘గట్టి’ వంటి సంబంధం లేని మాట దొరికి పక్కదారి పట్టిస్తుంది. వీటి అసలు రూపాలు కట్టిన, తెగుట, చేసి, పోయిరి. చివర నకారం ఉన్న మాటలకు ద్రుతప్రకృతికాలని పేరు. వాటి తరువాత వచ్చిన క, చ, ట, త, ప అన్న పరుషాలు వరుసగా గ, జ, డ, ద, బ అవుతాయి. ‘అడ్డముగాన్’ మీది ‘కట్టిన’ అందువల్లే ‘గట్టిన’ అయింది. ఆ నకారమే అరసున్నగా మిగిలి ‘గాఁ’ అని కనబడుతున్నది. ‘తెగుటన్’, ‘మిట్టకున్’ అన్న మాటల తరువాత అది నిండుసున్నగా మిగిలింది. కనుక మాట చివర సున్న గాని అరసున్న గాని ఉండి, వెంటనే గ, జ, డ, ద, బలలో ఒకటి వస్తే దానిని పరుషంగా మార్చి చూడాలి. ‘పందెం’, ‘కంద’ వంటి మాటల మధ్యలో ఉండే సున్నకు ఈ సూత్రంతో సంబంధం లేదు. అది ఆ మాటల్లో మొదటినుంచీ ఉన్నదే.

‘కట్ట దెగుట’ దగ్గర సున్న లేదు, అయినా తకారం దకారమైంది. ఇది వేరే సూత్రం. ప్రథమా విభక్తిలో ఉన్న మాట మీది పరుషాలు గ, స, డ, ద, వలుగా మారవచ్చు. ఇక్కడ చకారం సకారం కావడం, పకారం వకారం కావడం గమనించవలసిన తేడా. ‘వాడు వోయె’ అన్నచోట ‘పోయె’ను గుర్తుపట్టాలి. ఇది పాత పుస్తకాలకే పరిమితమైన వింత అని భావించనక్కరలేదు. కూర, కాయ కలిసి ‘కూరగాయ’ అని, తల్లి, తండ్రి కలిసి ‘తల్లిదండ్రులు’ అని రోజూ అంటున్నాము. సంతలో వినబడే మాటలో ఉన్న మార్పే పుస్తకంలోనూ ఉందని తెలిస్తే సగం భయం పోతుంది.

అరసున్న, బండి ‘ఱ’ గురించి ఒక మాట. ఆధునిక ముద్రణలో వీటిని వదిలేశారు కనుక పనికిరానివని కొట్టివేయడం తగదు. చెట్టు ‘వేరు’కు మామూలు రేఫ, భిన్నమని అర్థమిచ్చే ‘వేఱు’కు బండి ఱ. ‘కరి’ అంటే ఏనుగు, ‘కఱి’ అంటే నలుపు. సంఖ్యను తెలిపే ‘ఏడు’లో లేని అరసున్న సంవత్సరాన్ని తెలిపే ‘ఏఁడు’లో ఉంటుంది. పాత ముద్రణ చేతిలో ఉన్నవారికి ఈ గుర్తులు ఉచితంగా దొరికిన సహాయం.

మాటను నిఘంటువు రూపానికి తేవడం

విడదీసిన మాట ఇంకా నిఘంటువుకు సిద్ధం కాలేదు. నిఘంటువులు నామవాచకాన్ని ప్రథమైకవచనంలోను, క్రియను ధాతురూపంలోను ఇస్తాయి. తెలుగులో కొన్ని నామవాచకాలకు విభక్తి చేరేముందు రూపం మారుతుంది. ఇల్లు ‘ఇంటి’, నోరు ‘నోటి’, చేయి ‘చేతి’, కన్ను ‘కంటి’, పన్ను ‘పంటి’, కాడు ‘కాటి’, ఏరు ‘ఏటి’ అవుతాయి. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలంటారు. ‘టి’, ‘తి’తో ముగిసే తెలియని మాట ఎదురైతే ‘రు’, ‘డు’, ‘లు’, ‘యి’, ‘న్ను’ పెట్టి చూస్తే అసలు మాట చాలావరకు బయటపడుతుంది.

క్రియల్లో చిక్కు మరింత ఎక్కువ. ‘రాక’, ‘రాడు’, ‘రమ్ము’ అన్నీ ‘వచ్చు’ ధాతువువే. ‘తేక’, ‘తెమ్ము’ అన్నవి ‘తెచ్చు’ కింద ఉంటాయి. ‘కాదు’, ‘కాక’, ‘కావలె’ అన్నవాటిని ‘అగు’ దగ్గర వెతకాలి. వీటికి అడ్డదారి లేదు. పదిహేను ఇరవై ధాతువుల వ్యతిరేక రూపాలను ఒక కాగితం మీద రాసుకొని పుస్తకంలో పెట్టుకోవడం మంచిది. వ్యతిరేక రూపాలు చేసే మోసం ఒకటి చూడండి. “ఆయన రాక కోసం ఎదురుచూశాము” అన్నప్పుడు ‘రాక’ నామవాచకం, రావడమని అర్థం. “ఆయన రాక మేము తిరిగి వచ్చాము” అన్నప్పుడు అదే రూపం రాకపోవడాన్ని తెలుపుతుంది. రెండు అర్థాలూ పరస్పర విరుద్ధం. ‘కోసం’ అన్న విభక్తి లాంటి మాట చేరడానికి ముందు నామవాచకం కావాలన్న వ్యాకరణమే మొదటి వాక్యాన్ని కాపాడుతున్నది.

నిఘంటువు తెరిచాక

ఇప్పుడు ‘తెగు’ దగ్గరకు వెళ్దాము. తాడు తెగుతుంది, బేరం తెగుతుంది, తగవు తెగుతుంది, కట్ట తెగుతుంది. మొదటిదానిలో వస్తువు రెండు ముక్కలవుతుంది, బేరంలో ధర కుదురుతుంది, తగవులో పరిష్కారం దొరుకుతుంది, కట్టలో గండి పడుతుంది. ఈ అర్థాలలో ఏది కావాలో కర్త నిర్ణయిస్తుంది. ఆ కర్త ‘కట్ట’కు కూడా పుల్లల కట్ట, నోట్ల కట్ట అన్న వాడుకలు ఉన్నాయి. కాని దాని ముందు “ఏటికి అడ్డముగా కట్టిన” అన్న విశేషణం ఉన్నది కనుక నీటిని ఆపే గట్టే కావాలి. మాటలు ఒకదానిని ఒకటి ఇలా నిలబెట్టుకుంటాయి. ఏ ఒక్కదాని అర్థాన్నీ మొదటే స్థిరపరచకుండా, రెండు మూడు అర్థాలను పెన్సిలుతో పక్కన రాసుకొని ముందుకు వెళ్ళడం ఉత్తమం.

నిఘంటువులో మాట పక్కన ఉండే సంక్షేపాక్షరాలను చాలామంది దాటవేస్తారు. అది నామవాచకమో క్రియో, క్రియ అయితే సకర్మకమో అకర్మకమో, దేశ్యమో (అచ్చ తెలుగు మాటో) సంస్కృతం నుంచి వచ్చినదో అవి చెబుతాయి. ‘ఆరు’ అకర్మకం, ‘ఆర్పు’ సకర్మకం. ‘మారు’, ‘మార్చు’, ‘చేరు’, ‘చేర్చు’ కూడా అంతే. వాక్యంలో కర్మ ఉన్నదో లేదో చూసి సరిపోని అర్థాలను గుంపుగా తోసివేయవచ్చు.

ఏ నిఘంటువు చూడాలన్నది చదివే పాఠాన్ని బట్టి ఉంటుంది. కావ్యాలకు, గ్రాంథిక వచనానికి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఒక్కటి దగ్గర ఉన్నా చాలావరకు గడుస్తుంది. విస్తృతంగా ప్రయోగాలు కావాలంటే సూర్యరాయాంధ్ర నిఘంటువు చూడాలి. వాడుకలోని పలుకుబళ్ళు వెతికేటప్పుడు 1852లో మద్రాసులో అచ్చయిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ ఉపయోగపడుతుంది. పరాయి దేశంలో పెరిగి ఇంగ్లీషు ద్వారా తెలుగు చదివేవారికి ముందు దీనినే సూచిస్తాను. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఇటువంటి నిఘంటువులను ఒక్కచోటే వెతకవచ్చు. అచ్చు పుస్తకం చూసేవారు ‘క్ష’తో మొదలయ్యే మాటలు ‘క’లోనే ఉంటాయని గుర్తుంచుకోవాలి.

‘తెగుటంజేసి’లోని ‘చేసి’ని ‘చేయు’ కింద చూసి, “తెగుట అనే పని చేసి” అని అనువదించుకుంటే వాక్యం కూలిపోతుంది. ఎవరు చేశారు? ఊరివారా? వారే కట్ట తెంపి మిట్టకు వెళ్ళారా? ఇక్కడ ‘చేసి’ తన సొంత అర్థాన్ని వదిలిపెట్టి కారణాన్ని తెలిపే ప్రత్యయంలా వాడుకైంది. “తెగుటంజేసి” అంటే “తెగడం వల్ల”. ధాతువు అర్థం సరిపోకపోతే, ఆ మాట వ్యాకరణ పనిముట్టుగా మారిందేమోనని అనుమానించాలి. నేటి తెలుగులోనూ ‘కంటే’, ‘బట్టి’, ‘కూర్చి’ అన్నవి అలా మారినవే.

విభక్తుల విషయంలో బడి పట్టిక కొంత తప్పుదారి పట్టించగలదు. 1858లో పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణం ‘కొఱకు’, ‘కై’లను చతుర్థిలోను, ‘కి’, ‘కు’లను ‘యొక్క’తో పాటు షష్ఠిలోను చేర్చింది. ఆ పట్టికను వల్లెవేసినవారు ‘కి’ కనబడినచోటల్లా ‘యొక్క’ అని చదువుకోబోతారు. కాని “ఊరికి వెళ్ళాడు”లో గమ్యం, “నాకు ఆకలి వేసింది”లో అనుభవించేవాడు, “ఏటికి రెండు పంటలు”లో ప్రతి అన్న అర్థం, “పది గంటలకు వచ్చాడు”లో కాలం, “రాముడికి తమ్ముడు”లో బంధుత్వం ఉన్నాయి. విభక్తి సంఖ్య పరీక్షకు అవసరం. చదవడానికి మాత్రం క్రియను ప్రశ్నించడమే దారి.

విభక్తి ప్రత్యయం లేకపోవడం కూడా ఒక సమాచారమే. ప్రాణం లేని వస్తువు కర్మ అయినప్పుడు ద్వితీయా ప్రత్యయం తరచు రాదు, అందుకే “పుస్తకం చదివాను” అంటాము. మనుషుల విషయంలో అలా వదలము. దీనివల్ల “పులి చంపిన వేటగాడు” అంటే చచ్చినవాడు వేటగాడు, “పులిని చంపిన వేటగాడు” అంటే చచ్చింది పులి. ఒక్క ‘ని’తో కథ తలకిందులైంది. ఇక ‘చంపిన’, ‘కట్టిన’ వంటి ధాతుజ విశేషణాలు తమ వెనుక వచ్చే నామంతో తమకున్న సంబంధాన్ని బయటకు చెప్పవు. “వాడు కొట్టిన కుక్క”లో కుక్క కర్మ, “వాడు కొట్టిన కర్ర”లో కర్ర సాధనం, “వాడు కొట్టిన రోజు”లో రోజు కాలం. ఇక్కడ వ్యాకరణం మౌనంగా ఉంటుంది, లోకజ్ఞానమే పూరించాలి. మన వాక్యంలో “కట్టిన కట్ట” అన్నచోట కట్టింది ఎవరో చెప్పలేదు, చెప్పనవసరమూ లేదు. లేని కర్తను ఊహించి చేర్చకుండా ఉండడం చదువరి క్రమశిక్షణ.

కాలం మార్చిన అర్థాలు

అన్నీ సరిగ్గా విడదీసినా తెలిసిన మాటే కొన్నిసార్లు మోసం చేస్తుంది. పాత పద్యంలో ‘లావు’ అంటే బలం. ‘చీర’ ఒకప్పుడు ఆడవారు కట్టుకొనేదానికే కాక వస్త్రానికంతటికీ పేరు. ‘నూనె’ నువ్వుల నుంచి తీసినదానికి చెప్పిన పేరే ఇప్పుడు పల్లీనూనెకు, కొబ్బరినూనెకు కూడా చెల్లుతున్నది. ‘కంపు’ మంచి వాసనకూ చెల్లేది. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతాము కనుక ప్రమాదం తక్కువ. తెలిసిన మాట పొసగనప్పుడు దానినీ నిఘంటువులో చూడడం అలవాటు చేసుకోవాలి.

సంస్కృత సమాసాలకు ఒక్క జాగ్రత్త చాలు. సమాసం తనలో ఉన్న మాటనే చెబుతున్నదా, బయట ఉన్న మరొకరిని చెబుతున్నదా అని అడగాలి. ‘పీతాంబరం’ పసుపుపచ్చని వస్త్రం, ‘పీతాంబరుడు’ దానిని ధరించినవాడు. తెలుగులో ‘ముక్కంటి’ కూడా మూడు కళ్ళను కాక అవి గలవానినే చెబుతుంది.

అన్వయం రాసి పరీక్షించడం

మాటలన్నీ తేలాక వాక్యాన్ని వాడుక తెలుగులో మళ్ళీ రాయాలి: “ఏటికి అడ్డంగా కట్టిన కట్ట తెగడం వల్ల ఊరివారందరూ మిట్ట ప్రాంతానికి వెళ్ళారు.” నోటితో చెప్పుకొని ఊరుకోకుండా కాగితం మీద రాయాలని గట్టిగా చెబుతాను. తెలిసిందనుకొని దాటేసిన చోటు రాసేటప్పుడే పట్టుబడుతుంది.

రాసినదానిని పరీక్షించడానికి మన శాస్త్రకారులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అన్న మూడు కొలతలు నేటికీ సరిపోతాయి. ఒక మాట మరొక మాటను కోరుతుంటే, ఆ కోరిక తీరిందా అన్నది ఆకాంక్ష. “నిప్పుతో తడుపుతున్నాడు” అన్న వాక్యంలో విభక్తులన్నీ సరిగ్గానే ఉన్నా నిప్పుకు తడిపే గుణం లేదు కనుక యోగ్యత లోపించింది. కలిసి అర్థమివ్వవలసిన మాటలు దగ్గరగా ఉండడం సన్నిధి. పద్యంలో ఇది తరచు చెదిరి ఉంటుంది కనుకనే అన్వయం రాసుకోవలసి వస్తుంది. వీటితో పాటు తాత్పర్యాన్నీ, అంటే చెప్పినవారి ఉద్దేశాన్నీ చూడాలి. ‘సైంధవం’ అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనం దగ్గర సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి బయలుదేరుతూ అడిగితే గుర్రాన్ని తేవాలి.

వ్యాకరణ సూత్రం, వాడుక పొసగనిచోట వాడుకను గౌరవించాలి. ‘చేసి’ వంటి రూపానికీ ప్రధాన క్రియకూ కర్త ఒకడే ఉండాలని నేర్చుకున్నాము. అయినా “పాము కరిచి మనిషి చనిపోయాడు” అని అందరూ అంటారు, అర్థంలో ఏ లోపమూ లేదు. మొదటి పని రెండవదానికి కారణమైనప్పుడు తెలుగు ఈ వెసులుబాటు ఇస్తుంది.

ఇదే క్రమంలో మరొక వాక్యాన్ని విప్పి చూడండి: “వాన రాకపైరెండిపోవ రైతులు చెఱువునీటికిఁ దగవులాడిరి.” పాత ముద్రణలో మాటల మధ్య ఎడం ఇలా కలిసిపోవడం అరుదు కాదు. ‘రాకపై’ అని విరిచి వాన వచ్చిన మీదట అనుకుంటే, ‘రెండిపోవ’ అన్న అర్థంలేని ముక్క మిగులుతుంది. ‘రాక’ దగ్గర విరిస్తే ‘పైరు’, ‘ఎండిపోవ’ వస్తాయి, అప్పుడు ‘రాక’ వ్యతిరేక రూపమని తేలుతుంది. వాన, పైరు, రైతులు అని మూడు క్రియలకు ముగ్గురు కర్తలు. పాము వాక్యంలో చూసిన కారణ సంబంధమే వీటినీ కలుపుతున్నది. ‘కిఁ’ మీది దకారాన్ని తకారం చేస్తే ‘తగవు’. పాత నిఘంటువులో దానికి న్యాయమన్న అర్థమూ ఉన్నది. కాని పక్కన ‘ఆడిరి’ ఉన్నది, పంచుకోవడానికి చాలని నీరు ఉన్నది కనుక ఇక్కడ జగడమనే చదువుకోవాలి.